అన్నయ్య మర్యాదగా మాట్లాడుతున్నాడు

నవంబరు 8

నిన్న టిబర్స్ శవజాగారం, ఇవాళ మట్టిచేశాం. కొండ మీద ఉన్నవాళ్ళందరూ వచ్చారు. రమ్ము, కాఫీ, ఉప్పు బిస్కెట్లు, డొమినో బల్ల, అన్నీ ఎప్పటిలాగే. టిబర్స్ బతికుండగా వాడి మీద వేసుకోని జోకులన్నీ వాడి పెట్టె పక్కన కూర్చుని వేసుకున్నాం. వాడి పెళ్ళాం థియొడోరాని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. మొగుడు పోయిన మనిషి కదా. "కాస్త కాఫీ తాగండి", "ఇలా నీడలో కూర్చోండి" అంటూ గొంతు తగ్గించి మాట్లాడారు. పెళ్ళయి వచ్చిన నాటినుంచి ఆవిడని గంపముఖం అని తప్ప పిలవని మా అన్నయ్య క్లిటస్ కూడా "థియొడోరా గారూ" అన్నాడు. ఎవర్ని పిలుస్తున్నాడా అని ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

అన్నయ్యని నేను వదల్లేదు. క్వాట్రో తీసి నాలుగు తీగలూ శ్రుతి చేసుకుంటుంటే, "కాస్త ఆగన్నయ్యా, నువ్వు మొదలుపెట్టావంటే టిబర్స్ తనంతట తనే లేచి గోతిదాకా నడిచిపోతాడు" అన్నాను. డొమినో ఆడేవాళ్ళు పడీ పడీ నవ్వారు. అన్నయ్యా నవ్వాడు. పికాంగ్ విసరడంలో, ఎదుటివాణ్ణి మాటలతో ఆటపట్టించడంలో, ఈ కొండ మీద నాకు సమఉజ్జీ వాడొక్కడే. నిన్న వాడు తిరిగి ఒక్కటి కూడా విసరలేదు. అలిసిపోయి ఉంటాడు.

క్లినిక్ వాళ్ళ దగ్గర్నుంచి ఇంకా కబురు లేదు. రొమ్ములో గడ్డకి సూది గుచ్చి ముక్క తీసి పంపారు. ఏదైనా ఉంటే మేమే ఫోన్ చేస్తామన్నారు. నా ఫోన్ బట్టల బకెట్లో పడి చచ్చింది కాబట్టి అన్నయ్య నంబరు ఇచ్చి వచ్చాను. ఇంట్లో మోకాలి నొప్పికి వెళ్ళానని చెప్పాను. గడ్డ అంటే మా వదిన మార్వా ఇల్లు పీకి పందిరేస్తుంది. ఏమీ ఉండదులే.

నవంబరు 11

పొద్దున్నే పైమెట్టు మీద నిలబడి అన్నయ్య ఏమన్నాడో రాస్తాను, లేకపోతే రేపు నేనే నమ్మను.

"గుడ్ మార్నింగ్ బెర్నడీన్. రాత్రి బాగా నిద్రపట్టిందా?"

గుడ్లగూబా అని లేదు. ఇంకా పోలేదా అని లేదు. నేను చెంబులో నీళ్ళు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వాడిల్లు పైన, నాది కింద. ఇన్నేళ్ళుగా వాడు అక్కణ్ణుంచి తిట్టడం, నేను ఇక్కణ్ణుంచి తిరిగి తిట్టడం, ఆ తర్వాతే పొయ్యి వెలిగించడం. నా పేరు బెర్నడీన్ అని వాడికి గుర్తుందని కూడా నేననుకోలేదు.

"పట్టింది" అన్నాను.

నవంబరు 12

ఇవాళ కూడా గుడ్ మార్నింగే.

నవంబరు 13

రేపు సంత. మధ్యాహ్నమంతా అన్నయ్య వాళ్ళ షెడ్డులో కూర్చుని థైమ్ ఆకూ ఉల్లికాడలూ కట్టలు కట్టాం. నా చేతులు సరిగ్గా పనిచెయ్యలేదు. కట్టలు వదులు వదులుగా వచ్చాయి. మామూలుగా అయితే "నీ మొగుడు వదిలిపోయినట్టే నీ కట్టలూ వదిలిపోతున్నాయే" అనేవాడు. అది పాత జోకు, అయినా అనేవాడు. ఇవాళ నోరు మెదపకుండా నా కట్టలు ఒక్కొక్కటీ విప్పి మళ్ళీ కట్టాడు. గంప కూడా తనే ఎత్తుకున్నాడు.

ఇక ఊరుకోలేక నేనే గాలం వేశాను. "ఏమన్నయ్యా, ఎండ నీ బట్టతల మీద పడి నా కళ్ళు పోతున్నాయి, టోపీ పెట్టుకోవచ్చుగా."

"అవును, పెట్టుకోవాలి" అన్నాడు.

అవునట. పెట్టుకున్నాడు కూడా. మార్వా అప్పటిదాకా చేటలో ఆకు ఏరుతూ ఉంది, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

నవంబరు 14

అర్థమైంది. జాగారంలో అన్న మాటకి కోపం.

ఈ ఏడు క్రిస్మస్‌కి ఇల్లిల్లూ తిరిగి పాడే పరాంగ్ జట్టులో ముందు నిలబడి వాయించేది వాడు కాదు. ఆ చోటు ఇంకెవరికో ఇచ్చారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే వాడి వాయింపు మీద, అదీ ఊరందరి ముందు, అన్నాను. కాలు విరిగినవాడి నడక మీద ఎవరూ పికాంగ్ వెయ్యరు. నా నోటికి అడ్డూ ఆపూ లేదు.

మరి క్షమించమని ఎలా అడగాలి? మా ఇంట్లో ఆ విద్య ఎవరికీ రాదు. నా కుక్క వాడి జీపు కింద పడి పోయినప్పుడు వాడు నా గుమ్మంలోకి వచ్చి, "ఈ ఇంట్లో పళ్ళు బాగున్నది అదొక్కతే, అదే పోయింది, నువ్వు మిగిలావు" అన్నాడు. అలా అంటూ ఏడ్చాడు. పార తెచ్చి గొయ్యి కూడా తనే తవ్వాడు. అంతకు మించి ఏ మాటా అక్కర్లేకపోయింది. ఇప్పుడు నేను అలా ఏదో ఒకటి అనాలి. పొద్దున్నించీ వెతుకుతున్నాను, దొరకడం లేదు.

నవంబరు 17

అన్నాను. "జట్టువాళ్ళు నిన్ను వెనక్కి నెట్టింది వాయింపు చూసి కాదు, ముందుంటే నీ మొహం చూసి ఏ ఇంటివాళ్ళూ తలుపు తియ్యరని" అన్నాను. నాకు చేతనైన క్షమాపణ అదే.

వాడు నా కళ్ళలోకి చూశాడు. "నువ్వు వేళకి తింటున్నావా, బెర్నడీన్?" అన్నాడు.

నవంబరు 19

మార్వా చేపల సూపు తెచ్చింది. ఆ గిన్నె పెళ్ళిళ్ళకి తప్ప బయటికి తియ్యదు. నా వంటింట్లోకి వచ్చి, గోడలకి మసి ఉంటే చూసి, ఏమీ అనలేదు. మసి కనిపిస్తే నాలుగు తిట్లు తిట్టకుండా పోయే మనిషి కాదు.

"ఎప్పుడైనా పట్నం వెళ్ళాలంటే చెప్పమ్మా, మేం కూడా వస్తాం" అంది.

"ఎందుకు?"

"ఊరికే. తోడుగా."

నాకు ఒళ్ళు మండింది. మొగుడికి కోపమైతే మొగుడు చూసుకుంటాడు, మధ్యలో ఈవిడ రాయబారం ఏమిటి? వాళ్ళకి మర్యాద కావాలా, సరే. "చాలా థాంక్స్ వదినా, మీరేం శ్రమ పడకండి" అన్నాను. గిన్నె కడిగి, తుడిచి, పైన గుడ్డ కప్పి మరీ ఇచ్చాను. ఆవిడ మొహం పాలిపోయింది. బాగా అయింది అనుకున్నాను.

సూపు తినలేదు. సాయంత్రం తిన్నాను. బాగుంది.

నవంబరు 21

అన్నయ్య ఇంట్లోకి వచ్చాడు. ఎప్పుడూ వెనక మెట్ల మీదే కూర్చునేవాడు, ఇవాళ ముందు గదిలోకి, ముందు గుమ్మం గుండా, టోపీ చేతిలో పట్టుకుని. ఫాదర్ వచ్చినప్పుడు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు.

"బెర్నడీన్, ఆ క్లినిక్ సంగతి..." అన్నాడు.

"నా మోకాలి గురించి ఇంత శ్రద్ధ తీసుకుంటున్నందుకు థాంక్స్ అన్నయ్యా. ఇప్పుడు చాలా నయం" అన్నాను. "కాఫీ తీసుకుంటారా?"

తీసుకుంటారా అన్నాను. మా అన్నయ్యని.

వాడు టోపీ అంచు పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. నేను అరటికాయల ధర గురించి, వర్షానికి జారుతున్న రోడ్డు గురించి, చర్చి పైకప్పు గురించి ఎడతెరిపి లేకుండా మాట్లాడాను. వాడికి మధ్యలో దూరే సందివ్వలేదు. చివరికి లేచి వెళ్ళిపోయాడు. నేనే గెలిచాను.

క్లినిక్ అన్నాడు. మోకాలి గురించే అయి ఉంటుంది. నేను చెప్పింది మోకాలనే కదా. ఫోన్ వచ్చి ఉంటే చెప్పేవాడే. చెప్పలేదంటే రాలేదన్నమాట.

నవంబరు 22

రాలేదన్నమాట.

నవంబరు 25

జీపులో కొండ దిగి మారవాల్ ఊళ్ళోకి వెళ్తుంటే డ్రైవర్ కెల్విన్ ముందు సీటు ఖాళీ చేయించాడు. "ఇక్కడ కూర్చోండి మిస్ బెర్నడీన్, కుదుపులు తక్కువ" అన్నాడు. వీడు పుట్టినప్పుడు బొడ్డు కోసిన మంత్రసాని పక్కన దీపం పట్టుకున్నది నేను. మొన్నటిదాకా నేను ఎక్కితే, "సామాన్లకి చార్జీ వేరే" అనేవాడు.

అన్నయ్య కోపం వీడికెందుకు?

నవంబరు 26

పూజ ముగిశాక చర్చి మెట్ల దగ్గర థియొడోరా కనిపించింది. నల్లబట్టల్లో చిక్కిపోయింది. జనం పక్కకి తప్పుకుని దారిస్తున్నారు. నా చెయ్యి పట్టుకుని గోడ పక్కకి లాక్కెళ్ళింది.

"నీకొకటి చూపిస్తా, నవ్వకు" అని గౌను కాస్త పైకెత్తింది. ఒక కాలికి నల్ల చెప్పు, ఇంకో కాలికి గోధుమరంగు చెప్పు. "కావాలనే వేసుకొచ్చాను. ఎవరైనా ఏదైనా అంటారేమోనని. పూజ మొత్తం అయిపోయింది. ఒక్కరూ అనలేదు. అందరూ చూశారు బెర్నడీన్, చూసి తల తిప్పుకున్నారు. టిబర్స్ పోయిన దగ్గర్నుంచి నన్ను ఎవరూ ఒక్క తిట్టు తిట్టలేదు. వాడితో పాటు నన్నూ పాతిపెట్టారా అనిపిస్తోంది."

"నీ కాళ్ళు రెంటికీ ఒకదానితో ఒకటి పొత్తు కుదరదని ముందునుంచీ తెలుసుగా, ఇక చెప్పులకేం తెగులు" అన్నాను.

థియొడోరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నా భుజం మీద ఏడ్చింది. బ్లౌజు తడిసిపోయింది.

కొండెక్కి వస్తుంటే ఒకటి తట్టింది. కష్టం వచ్చినవాళ్ళతోనే కదా మేము మర్యాదగా మాట్లాడేది. థియొడోరాకి టిబర్స్ పోయాడు. మరి నాకేమైందని అందరూ

నవంబరు 27

కోపం కాదు.

అన్నయ్యకి ఫోన్ వచ్చింది.

నవంబరు 28

పైకి వెళ్ళలేదు. పొద్దున్న గుడ్ మార్నింగ్ వినిపించింది, దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

తెలిస్తే చెప్పొద్దా? నా ఒళ్ళు, నా గడ్డ, ఊరందరికీ తెలిసి నాకు తెలియకపోవడం ఏమిటి? వెళ్ళి గొంతు పట్టుకుని అడగాలనిపించింది. చెప్పులు కూడా వేసుకున్నాను. తర్వాత విప్పేశాను. వాడు మాత్రం ఎలా చెప్తాడు? మా నాన్న పోతే వాడు నాకు ఎలా చెప్పాడో గుర్తుంది, "ఇక ఆ రేడియో మనదే" అన్నాడు. వాడికి వచ్చిన భాష అదొక్కటే. దీనికి ఆ భాషలో మాట దొరక్క, రాని మర్యాద తెచ్చిపెట్టుకుని తిరుగుతున్నాడు. నేను పోటీ పడి కాఫీ తీసుకుంటారా అన్నాను.

స్నానం చేస్తూ తడిమి చూసుకున్నాను. పెరిగిందా? పెరగలేదు. ఏమో.

వాడు చెప్పనంతసేపూ లేనట్టే కదా. ఇంకొక్క రోజు.

నవంబరు 29

ఇంకొక్క రోజు.

డిసెంబరు 1

ఇవాళ అన్నయ్య ఇంటి దగ్గర పరాంగ్ జట్టు సాధన. ప్రతి ఏడూ వంటింట్లో మార్వాతో పాటు అరిటాకుల్లో మాంసం కూరిన మొక్కజొన్న పాస్టెల్లు చుట్టేది నేనే, వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. నేను అడుగుపెట్టగానే పాట ఆగింది. ముగ్గురు లేచి ముగ్గురూ కుర్చీ ఇచ్చారు. ఒకడు దాని మీద దిండు కూడా వేశాడు.

"ఏమర్రా, ఈ గోల విని కొండ కింది వాళ్ళు పోలీసుల్ని పిలిచారట" అన్నాను.

"అవును మిస్ బెర్నడీన్, ఇంకా సాధన చెయ్యాలి" అన్నాడు మరకాస్ గిలకలు ఊపేవాడు.

ఆ దిండు మీద ఇంకో నిమిషం కూర్చుంటే అక్కడే పోతాననిపించింది. అన్నయ్య చేతిలో క్వాట్రో లాక్కుని కింద పెట్టి, రెక్క పట్టుకుని వెనక మెట్ల మీదికి లాక్కొచ్చాను.

"చెప్పు" అన్నాను.

"బెర్నడీన్, అదీ... వాళ్ళు..."

"బెర్నడీన్ ఎవతె? నీకున్న నోటితో చెప్పు. ఇరవై రోజులుగా ఫాదర్‌లా తిరుగుతున్నావు, నీకు నప్పలేదు."

మెట్టు మీద కూర్చుండిపోయాడు. తోటలోకి చూస్తూ చెప్పాడు, నా వైపు చూడలేదు.

"క్లినిక్ పిల్ల ఫోన్ చేసింది. మీ చెల్లెల్ని వెంటనే తీసుకురండి, ఒంటరిగా రానివ్వకండి, ఇంట్లోవాళ్ళు ఎవరైనా తోడుండాలి అంది. అమ్మా, దీన్ని వెంటేసుకుని నలుగురిలోకి వచ్చేంత తెగింపు మా ఇంట్లో ఎవరికీ లేదు, మీరే ఎవర్నైనా అద్దెకి పంపించండి అన్నాను." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఆ పిల్ల నవ్వలేదే. నేను జోకు వేస్తే నవ్వలేదు. ఇక నాకు తర్వాత ఏమనాలో తెలీలేదు."

"ఎప్పుడు చేసింది?"

"టిబర్స్‌ని మట్టిచేసిన రెండో రోజు."

నేను గోడకి ఆనించి ఉన్న చీపురు తీసుకున్నాను. రెండు దెబ్బలు గట్టిగానే వేశాను. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. తర్వాత నేనూ ఆ మెట్టు మీదే కూర్చున్నాను. లోపల ఎవరూ పాట మొదలుపెట్టలేదు. అందరూ వింటున్నారని తెలుసు.

"నాతో ఎవరు వస్తారు మరి?" అన్నాను.

"తెగించాను" అన్నాడు.

డిసెంబరు 3

డాక్టరమ్మ చిన్నపిల్ల. మాట మెత్తగా ఉంది, అంత మెత్తగా ఉంటే నాకు భయం. క్యాన్సరే. జనవరి చివర్లో ఆపరేషన్, ఆ తర్వాత మందు ఎక్కిస్తారు, జుట్టు ఊడుతుంది. చంకలోకి పాకిందో లేదో కోసి చూస్తే గానీ తెలియదట.

"ఫోన్ చేసిన వెంటనే వచ్చి ఉంటే?" అని నేనే అడిగాను. అన్నయ్య అడగలేడని తెలుసు.

"ఇప్పుడు వచ్చారు కదమ్మా" అంది.

అది జవాబు కాదు. అన్నయ్యా నేనూ ఇద్దరం అర్థం చేసుకున్నాం. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో కెల్విన్ పాటలు కూడా పెట్టలేదు. ఇంటికి వచ్చాక అన్నయ్య నన్ను మంచం మీద కూర్చోబెట్టి, అద్దాల బీరువాలోంచి గాజు గ్లాసు తీసి, దాన్ని తుడిచి, నీళ్ళు పోసి తెచ్చాడు. కింద పళ్ళెం కూడా పెట్టాడు. నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బెర్నడీన్, తప్పంతా నాదే. నీకేం కావాలన్నా, ఏ వేళప్పుడైనా..."

"అన్నయ్యా" అన్నాను, "ఇంకొక్కసారి నాతో ఇలా మర్యాదగా మాట్లాడావంటే నిజంగానే చచ్చిపోతాను."

జోకుగా అందామనుకున్నాను. ఏడుపుగా వచ్చింది. గ్లాసులో నీళ్ళు ఒలికి ఒళ్ళంతా తడిసింది. భయంగా ఉందని చెప్పాను. చాలా భయంగా ఉందని, ఇన్నేళ్ళలో ఎప్పుడూ వాడికి చెప్పని మాట, రెండు మూడుసార్లు చెప్పాను. వాడు నా పక్కన కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుంటాడేమో అనుకున్నాను, అలాంటివి వాడికి రావు. నేలకేసి చూస్తున్నాడు. దవడ కదులుతోంది. మాట కోసం వెతుక్కుంటున్నాడని తెలిసి నేనూ ఏడుపు ఆపి ఎదురు చూశాను.

"సరే, చావు" అన్నాడు చివరికి. "చావు గానీ, లెంట్‌లో మాత్రం చావకు. ఈస్టర్ ముందు ఆ నలభై రోజులూ నేను రమ్ము ముట్టను. నీ జాగారంలో ఒట్టి కాఫీ తాగుతూ కూర్చోవడం నా వల్ల కాదు."

అని నా వైపు చూశాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేనేమంటానోనని బెదురుగా చూస్తున్నాడు.

"అయితే ఈస్టర్ దాకా ఆగుతాలే" అన్నాను.